తాతయ్యకు జ్వరం

చదరంగం మళ్లీ ఆడుకోవచ్చని రేడియోలో చెప్పిన రోజు మా ఇంట్లో చేప మాడిపోయింది.

యుద్ధం ఆగి కొద్ది వారాలైంది. మా రష్త్ ఊళ్లో శరదృతువు అంటే వానే కాబట్టి ఆ రోజూ వాన పడుతూనే ఉంది. నేను పొయ్యి దగ్గరున్నాను, మా ఆయన ఫరామర్జ్ రేడియో దగ్గరున్నాడు. పందెం కాయకుండా ఆడితే తప్పు లేదని మతపెద్దలు చెప్పారట. ఆ వాక్యం పూర్తయ్యేలోపే ఆయన చెప్పులైనా వేసుకోకుండా వానలోకి పరుగెత్తాడు. ఎక్కడికని అడగక్కర్లేదు, రెండు సందుల అవతల గడియారాలు బాగుచేసే ఇస్కందర్ దుకాణానికి. యాభై ఏళ్లు దాటిన మనిషి బురదలో పిల్లాడిలా పరుగెత్తుతుంటే గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. వెనక పెనం మీద చేప దాని దారి అది చూసుకుంది.

నేనూ సంతోషించాల్సిందే. కానీ ఎందుకో గుండె కలుక్కుమంది.

జూదమని చదరంగాన్ని నిషేధించినప్పుడు మా ఆయన మగపిల్లల బడిలో లెక్కలు చెప్పేవాడు, సాయంత్రాలు అక్కడే చదరంగం నేర్పేవాడు. ఆ గదికి తాళం పడింది. ఇంట్లో ఉన్న బొమ్మల్ని నేనే గుడ్డలో మూటగట్టి బియ్యం జాడీలో దాచాను. మూట ఎప్పుడు జారిందో, ఒక రోజు అన్నంతో పాటు ఒక బంటు కూడా ఉడికింది. అన్నంలో రాయి వచ్చిన ఇళ్లున్నాయి గానీ బంటు వచ్చిన ఇల్లు మాదొక్కటే అని నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ బంటును కడిగి, తుడిచి, జేబులో వేసుకుని లేచిపోయాడు. ఆ ఏడాది మా ఇంట్లో ఆయన నోటి వెంట మూడే మాటలు వినపడేవి: అవును, కాదు, ఉప్పు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరం, అందులో ఒకరు మూగ. గోడలతో మాట్లాడీ మాట్లాడీ నాకే పిచ్చెక్కుతుందేమోనని భయపడ్డాను.

ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది ఇస్కందర్. అది కూడా కిరోసిన్ వరుసలో.

యుద్ధం రోజుల్లో కిరోసిన్ కూపన్ల మీద ఇచ్చేవారు. ఖంబర్ కొట్టు ముందు మగవాళ్లదొక వరుస, ఆడవాళ్లదొక వరుస. ఉదయం నిలబడితే మధ్యాహ్నానికి డబ్బా నిండితే అదృష్టం. ఒక రోజు మా ఆయన వెనక ఇస్కందర్ నిలబడ్డాడు. పక్క వరుసలో నేనున్నాను. ఇస్కందర్ గొంతు సవరించుకుని, "ఒరేయ్ ఫరామర్జ్, మా పిల్లాడు ఐదో సందులో నాలుగో ఇంటికెళ్లాడురా" అన్నాడు.

ఇస్కందర్ పిల్లాడు యుద్ధంలో ఉన్నాడు. వీడికేమైనా మతి పోయిందా అనుకున్నాను. వరుస రెండడుగులు కదిలింది. అప్పుడు, నెలల తర్వాత మొదటిసారి, ఆయన పెదవి చివర చిన్న నవ్వు కనిపించింది.

"మా పిల్లాడూ ఆ సందులోకే వచ్చాడు. ఐదో ఇల్లు."

"అలాగా! అయితే మా బావమరిది బయల్దేరాడు చూసుకో. ఆరో సందు, మూడో ఇల్లు."

అదీ సంగతి. సందు అంటే బోర్డు మీద నిలువు వరుస, ఇల్లు అంటే అందులో గడి. బంటు అంటే పిల్లాడు. గుర్రం ఎప్పుడు ఎటు దూకుతుందో తెలియదు కాబట్టి బావమరిది. ఏనుగు మామగారు, మంత్రి మా ఆవిడ. రాజు తాతయ్య, ఒక్కో అడుగే వేస్తాడు. రాజు మీదికి దాడి వస్తే తాతయ్యకు జ్వరం. బోర్డు లేదు, బొమ్మల్లేవు, ఉన్నదంతా ఇద్దరి తలకాయల్లోనే. వినేవాళ్లకు మాత్రం ఇద్దరు మగాళ్లు తమ చుట్టాల గురించి ఆడవాళ్ల కన్నా అన్యాయంగా మాట్లాడుకుంటున్నట్టుండేది. "మీ ఆవిణ్ణి మా మామగారు చంపేశాడు" అని ఒకడంటే, "పోతే పోయిందిలేరా" అని ఇంకొకడు అనేవాడు. ఒకసారి ఇస్కందర్ ఉసూరుమంటూ, "అయిపోయింది, తాతయ్య పోయాడు" అన్నాడు. నా ముందున్న ముసలమ్మ గిర్రున తిరిగింది.

"అయ్యో నాయనా! ఎంత వయసు తాతగారికి?"

"పదిహేను వందల ఏళ్లుంటాయమ్మా."

ఆవిడకు కాస్త చెవుడు, ఆ అంకె సరిగ్గా వినపడలేదు కాబట్టి సరిపోయింది. మర్నాడు పాపం, మా వైపు చావింటికి పంపినట్టే, ఇస్కందర్ ఇంటికి హల్వా చేసి పంపింది. మా ఆయన ఆ హల్వా తింటూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. నేను వంటింట్లోకి వెళ్లి అల్లాకు దండం పెట్టుకున్నాను.

నిషేధం ఉన్నన్నాళ్లూ ఆ ఆట అలాగే సాగింది. కిరోసిన్ వరుస, రొట్టెల వరుస, గుడ్ల వరుస. ఊళ్లో అందరూ వరుసల్ని తిట్టుకుంటుంటే వీళ్లిద్దరూ మాత్రం పెళ్లికెళ్తున్నట్టు వెళ్లేవారు. మా ఆయన కళ్లు మూసుకుని నిలబడేవాడు. బోర్డు అప్పుడే స్పష్టంగా కనిపిస్తుందట. వరుస కదిలినా ఆయనకు తెలిసేది కాదు. వెనకనుంచి ఇస్కందర్ తన డబ్బాతో పాటు మా ఆయన డబ్బాను కూడా కాలితో ముందుకు తోసేవాడు. డబ్బా రాసుకున్న చప్పుడు విని ఈయన కళ్లు తెరవకుండానే రెండడుగులు వేసేవాడు. ఇస్కందర్ చేతిలో ఎప్పుడూ ఒక తస్బీ మాల తిరుగుతూ ఉండేది. అల్లా పేరు కోసం కాదు, వేళ్లకు పని కోసం. మా ఆయన గట్టి ఎత్తు చెప్పినప్పుడు మాత్రం ఆ పూసలు ఠక్కున ఆగేవి. చదరంగంలో ఓనమాలు తప్ప రాని నేను ఎవరిది పైచేయో ఆ పూసల చప్పుడుతోనే తెలుసుకునేదాన్ని.

పూసలు ఆగడమే ఎక్కువగా ఉండేది. నిషేధానికి ముందు మా జిల్లా పోటీలు ఎన్ని జరిగినా మొదటి స్థానం మా ఆయనదే, రెండోది ఇస్కందర్‌దే. ఇస్కందర్ దుకాణంలో గోడ మీద ఒక ఫోటో ఉండేది. అందులో కప్పు మా ఆయన చేతిలో ఉంటుంది, ఇస్కందర్ చెయ్యి మా ఆయన భుజం మీద ఉంటుంది. "ఆ ఫోటో తీసేసి గడియారం పెట్టుకో, నాలుగు డబ్బులొస్తాయి" అని అతని భార్య మునీర్ సాధించేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

అందుకే రేడియో మాట విన్నప్పుడు నా గుండె కలుక్కుమంది. బోర్డు మీద ఒక్కడే గెలుస్తాడు. వరుసలో ఇద్దరూ కిరోసిన్ తెచ్చుకుంటారు.

*

చలి ముదిరేసరికి జిల్లా పోటీ పెడుతున్నారని తెలిసింది. గెలిచినవాడు దేశం పోటీకి టెహ్రాన్ వెళ్తాడు. పాత తేయాకు గోదాం ఒకటి శుభ్రం చేసి హాలుగా మార్చారు. చదరంగం గడియారాలన్నీ ఇన్నేళ్లూ ఎక్కడో చెమ్మలో పడి తుప్పు పట్టిపోతే ఇస్కందర్ దుకాణం మూసుకుని వాటి ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కదాన్నీ విప్పి, తుడిచి, నూనె వేసి బతికించాడు. ఒక రియాల్ కూడా తీసుకోలేదు. మొదట బాగైన గడియారాన్ని చంకలో పెట్టుకుని మా ఇంటికే తెచ్చాడు.

బియ్యం జాడీలోంచి బొమ్మలు తీసి బల్ల మీద పేర్చాం. ఉడికిన బంటు మా ఆయన జేబులోంచి వచ్చింది. అది కాస్త వంకరపోయింది.

"వీడు యుద్ధంలో గాయపడ్డాడు. పింఛను ఇప్పించాలి" అన్నాడు ఇస్కందర్.

ఆట మొదలైంది. నేను పక్కన కూర్చుని టీ పోస్తున్నాను. మా ఆయన కాసేపు బోర్డు వంక చూశాడు, చిరాకుగా కళ్లు మూసుకున్నాడు.

"ఏమిట్రా నిద్రా?"

"ఈ బొమ్మలు చూస్తుంటే ఆట కనపడటంలేదురా. అడ్డమొస్తున్నాయి."

"చదరంగానికి బొమ్మలు అడ్డమట! విన్నావా చెల్లెమ్మా?"

మా ఆయన కళ్లు మూసుకునే, "మా ఆవిడ ఎనిమిదో సందు, ఐదో ఇల్లు" అని వెనక్కి వాలి, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. బొమ్మ కదిపి నొక్కితేనే ఆగే ఆయన గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇస్కందర్ నా వంక చూసి కన్ను కొట్టాడు. కాసేపు ఆగి మా ఆయన మోకాలి మీద ఒకటి ఇచ్చాడు.

"ఒరేయ్ మొద్దూ! కదిపేది నోరు కాదు, చెయ్యి. మీ ఆవిడ కదల్లేదు, నీ గడియారం ఆగలేదు. దానికి చెవుల్లేవురా!"

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం మా ఆయన అదే పని ఇంకోసారి చేశాడు. ఇస్కందర్ మళ్లీ ఆయన మోకాలి మీద కొట్టాడు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర గొడుగు అందిస్తూ నేను మనసులో ఉన్నది అడిగేశాను.

"అన్నయ్యా, ఆయన ఓడిపోయినా నాకేం ఫర్వాలేదు. మళ్లీ మూగైపోతే మాత్రం నా వల్ల కాదు. మీ ఇద్దరి మధ్యా ఈ పోటీ ఏమీ తేకుండా చూడు."

"పిచ్చిదానా, పోటీ నాలుగు రోజులు. కిరోసిన్ వరుస కలకాలం. నేనున్నాగా."

ఆ మాట అంటున్నప్పుడు అతని మనసులో కల్మషం లేదు. ఇప్పటికీ నేను అదే నమ్ముతాను.

*

చివరి రోజు ఆట వాళ్లిద్దరి మధ్యే వచ్చింది. అప్పటిదాకా ఇద్దరూ ఒక్క ఆట కూడా ఓడలేదు. గెలిచినవాడిదే టెహ్రాన్ ప్రయాణం.

గోదాం నిండా జనం. ఆడవాళ్లకు వెనక వరుస ఇచ్చారు. నా పక్కన మునీర్ ఒళ్లో నారింజలు పెట్టుకుని కూర్చుంది. ఆటగాళ్ల వెనక గోడ మీద పెద్ద బోర్డు ఉంది. ఒక ముసలి ప్యూను ప్రతి ఎత్తుకూ ఆ బోర్డు మీద బొమ్మను ఒక కొక్కెం నుంచి తీసి ఇంకో కొక్కేనికి తగిలిస్తున్నాడు. టెహ్రాన్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత మొదట్లోనే గట్టిగా చెప్పాడు. "చూసేవాళ్లెవరూ నోరెత్తకూడదు. ఆటగాడి తరఫువాళ్లు ఒక్క మాటన్నా ఆ ఆటగాడు ఓడినట్టే." ముందు రాత్రి మా ఆయన కూడా నాకు అదే చెప్పి ఒట్టు వేయించుకున్నాడు. నా నోటి మీద ఆయనకు అంత నమ్మకం.

ఆట మధ్యాహ్నం దాటి సాగింది. రేకుల కప్పు మీద వాన ఒక్క తీరున కురుస్తోంది. మొదట ఇస్కందర్ బాగా ఆడాడు. చుట్టుపక్కల మగవాళ్లు తలలూపడం చూసి తెలుసుకున్నాను. మా ఆయన ప్రతి ఎత్తుకూ చాలాసేపు తీసుకుంటున్నాడు. బోర్డు వంక చూడటం, కళ్లు మూసుకోవడం, తెరిచి చెయ్యి చాపడం, బొమ్మ కదిపి గడియారం నొక్కడం. ప్రతిసారీ ఆ చెయ్యి గడియారం దాకా వెళ్లేవరకూ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. మరచిపోలేదు. ఒక్కసారి కూడా మరచిపోలేదు.

తర్వాత గాలి మళ్లింది. ఇస్కందర్ మంత్రి ఎక్కడో మూలన చిక్కుకుంది. అతని రాజు చివరి గడిలో, తన వాళ్లే చుట్టూ గోడ కట్టడంతో కదలడానికి చోటు లేకుండా నిలబడ్డాడు. జనం కుర్చీల్లో ముందుకు వంగారు. నాకు వచ్చింది ఓనమాలే అయినా ఒకటి మాత్రం కనిపించింది. మా ఆయన గుర్రం ఒక్క గెంతు గెంతితే తాతయ్యకు జ్వరం వస్తుంది. ఆ జ్వరం ఇక తగ్గేది కాదు.

అప్పటికే మా ఆయన గడియారంలో ఎర్రజెండా ముల్లు మీదికి ఎక్కి ఉంది. అది పడిందంటే సమయం అయిపోయినట్టు, ఆట పోయినట్టు. కానీ ఒక్క ఎత్తుకు కావలసినంత సమయం ఉంది, ఇంకా మిగిలేంత ఉంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ఏళ్ల తరబడి పక్క వరుసలోంచి చూసిన పెదవులవి, అంత దూరం నుంచి కూడా నాకు వినిపించినట్టే ఉంది. బావమరిది ఆరో సందు, ఏడో ఇల్లు. తాతయ్యకు జ్వరం. తర్వాత ఆయన వెనక్కి వాలాడు. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. పెదవి చివర ఆ చిన్న నవ్వు.

గోడ మీది పెద్ద బోర్డులో గుర్రం తన కొక్కేనికే వేలాడుతోంది.

న్యాయనిర్ణేత ఆ పెదవులు చూశాడు. ఏదో దువా చదువుకుంటున్నాడనుకున్నాడట, తర్వాత ఎవరితోనో అన్నాడు. ఆ హాలులో ఆయన కాక ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు మాట్లాడకూడని చోట కూర్చున్నారు. రెండో మనిషి ఆయన ఎదురుగా, చెయ్యి చాపితే మోకాలు తగిలేంత దగ్గరలో కూర్చున్నాడు.

ఇస్కందర్ బోర్డు వంకే చూస్తున్నాడు. తల ఎత్తలేదు. కొట్టు అన్నయ్యా, మోకాలి మీద ఒక్కటి కొట్టు అని లోపల అరుస్తున్నాను. పైకి మాత్రం చాదర్ ముసుగు అంచు నోట్లో కుక్కుకున్నాను. మునీర్ నారింజ వలవడం ఆపి, "ఏమైంది అక్కా, చలేస్తోందా?" అంది. వాన కురుస్తూనే ఉంది. మా ఆయన నిశ్చింతగా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఖంబర్ కొట్టు ముందు ఇస్కందర్ ఒక్కో జవాబుకు ఎంతసేపు తీసుకునేవాడో ఆయనకు అలవాటే కదా.

జెండా పడింది.

"సమయం" అన్నాడు న్యాయనిర్ణేత.

మా ఆయన కళ్లు తెరిచాడు. గడియారం వంక చూడలేదు, ముందు ఇస్కందర్ వంక చూశాడు. ఆ తర్వాత గుర్రం వంక చూశాడు. అది ఎక్కడుండాలో అక్కడ లేదు. అర్థం కావడానికి చాలాసేపేమీ పట్టలేదు. లేచి నిలబడి, కోటు సర్దుకుని, చెయ్యి చాపాడు.

"అభినందనలు ఇస్కందర్ గారూ. మీరు బాగా ఆడారు."

చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు వాళ్లు. మా ఆయన అతన్ని 'మీరు' అనడం నేను వినడం అదే మొదలు.

*

ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడుగునా నేను మండిపడ్డాను.

"విన్నాడండీ వాడు! ఖచ్చితంగా విన్నాడు! తెలిసి తెలిసి ఊరుకున్నాడు, ద్రోహి!"

"రేకుల మీద వాన పడుతోంది ఎష్రత్. వినపడి ఉండదు."

"ఎదురుగా కూర్చున్నవాడికి వినపడదా? నాకు అంత వెనక నుంచి..."

"నీకు వినపడలేదు, కనపడింది. వాడు నన్ను చూడటం లేదు." నడుస్తూనే, "తప్పు నాది. చెయ్యి కదపాల్సింది. ఇక ఈ మాట మన ఇంట్లో రాకూడదు" అన్నాడు.

రాలేదు. ఆ మాటే కాదు, ఏ మాటా రాలేదు. మళ్లీ అవును, కాదు, ఉప్పు. బొమ్మల్ని ఆయనే మూటగట్టి జాడీలో పెట్టాడు. కిరోసిన్ రోజున నేను ముందే వెళ్లి మా వరుసలో నిలబడి చూసేదాన్ని. మా ఆయన వచ్చేవాడు. ఇస్కందర్ మాత్రం రావడం మానేశాడు, మునీర్ వచ్చేది. టెహ్రాన్ వెళ్లాడని, అక్కడ వరుసగా ఓడిపోయాడని ఆవిడే చెప్పింది. వినగానే నాకు లోపల చల్లగా అనిపించింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. మా ఆయన్ని పక్కకు నెట్టి వెళ్లినవాడు కనీసం గెలిచైనా రావాల్సింది.

కొత్త ఏడాది పండగ నౌరోజ్ వచ్చింది. ఏడాదంతా ఎంత కొట్టుకున్నా నౌరోజ్‌కు చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి రావాలి, పెద్దవాళ్లు తలుపు తీయాలి. మా ఆయన ఇస్కందర్ కన్నా కొన్ని నెలలు పెద్ద. రెండో రోజు ఉదయమే తలుపు చప్పుడైంది. ఇస్కందర్ ఒక్కడే వచ్చాడు, చేతిలో మిఠాయి పెట్టెతో. మూడు నెలల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు.

నా మనసు కాస్త కరిగింది. ఇప్పుడు తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఏడుస్తారు, అయిపోతుంది అనుకున్నాను. టీ కాచే సమోవార్ వెలిగించాను.

"దయచేయండి, దయచేయండి" అంటూ మా ఆయన ఎదురెళ్లాడు. "మీ పాదం మా కళ్ల మీద. పై దిక్కున, పెద్దల చోట కూర్చోండి. కాదు కాదు, అక్కడ గాలి కొడుతుంది, ఇటు రండి. మునీర్ గారు కులాసానా? కొత్త ఏడాది మీకు అన్నీ శుభాలే జరగాలి."

ఇంత మర్యాద మా ఇంట్లో పెళ్లివారికి కూడా జరగలేదు. ఇస్కందర్ కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను, నేరేడు రంగు తేలేలా, అతనికి ఇష్టమైనట్టు. అతను గ్లాసు ముట్టలేదు. తస్బీ గబగబా తిప్పుతున్నాడు.

"ఫరామర్జ్, నేను విన్నానురా" అన్నాడు చివరికి.

"తెలుసండీ" అన్నాడు మా ఆయన.

నా చేతిలోని పళ్లెం బల్లకు తగిలి చప్పుడైంది.

"తెలుసా?"

"నేను మూసుకున్నది కళ్లు, చెవులు కాదు కదా. బావమరిది అనగానే మీ తస్బీ ఆగింది. ఇన్నేళ్లుగా నా మంచి ఎత్తుకల్లా అది అలాగే ఆగేది. విన్నారు, ఆలోచిస్తున్నారు అనుకున్నాను. అందుకే నిశ్చింతగా కూర్చున్నాను."

ఇస్కందర్ ముఖం చూడలేకపోయాను. అతని మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "చెప్దామనే అనుకున్నాను. మోకాలి దాకా చెయ్యి వచ్చింది కూడా. ఒక్క నిమిషం చూద్దాం, నువ్వే కళ్లు తెరుస్తావులే అనుకున్నాను. ఆ ఒక్క నిమిషంలో ఏదో పట్టింది నన్ను. జన్మలో ఒక్కసారిరా. ఒక్కసారి ఆ ఫోటోలో నేను... ఆ తర్వాత చెబితే అప్పటిదాకా ఎందుకు చెప్పలేదంటావని..." ఆగాడు. "నిబంధనల ప్రకారం నేను చెప్పక్కర్లేదు. అది కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు."

"నిబంధనల ప్రకారం ఏ తప్పూ లేదండీ" అన్నాడు మా ఆయన. మిఠాయి పళ్లెం అతని ముందుకు జరిపాడు. "టీ చల్లారిపోతోంది, తీసుకోండి."

"తిట్టరా! నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క తిట్టు తిట్టు!"

"ఎంత మాట. పండగ పూట."

ఇస్కందర్ లేచాడు. మా ఆయన వీధి గుమ్మం దాకా సాగనంపాడు, చెప్పులు తిప్పి పెట్టాడు, మళ్లీ దయచేయండి అన్నాడు. తలుపు వేసి లోపలికి వచ్చి, అతను ముట్టని టీ తీసుకెళ్లి తొట్టిలో పోశాడు. వినపడి ఉండదని అందరికీ, నాకు కూడా చెప్తూ, ఆ చలికాలమంతా ఈ మనిషి ఇంత బరువు ఒక్కడే మోశాడు. ఇస్కందర్ మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయింది. పోయి, ఏమీ మిగల్లేదు.

*

చెట్లకు నారింజ పూత వచ్చింది. ఆ ఏడాది చలికాలం కూపన్లలో చివరిదాన్ని తీసుకుని మా ఆయన ఖంబర్ కొట్టుకు వెళ్లాడు. నేను పక్క వరుసలో ఉన్నాను. ఎండ కాస్తోంది, అందుకని జనం ఎక్కువే. అప్పుడు ఇస్కందర్ డబ్బా పట్టుకుని వచ్చి మా ఆయన వెనక నిలబడ్డాడు. అతని వెనక వచ్చినవాళ్లు నిలబడ్డారు.

వరుస రెండుసార్లు కదిలింది. మా ఆయన చూసుకుంటూ తన డబ్బా తనే జరుపుకున్నాడు.

"మా పిల్లాడు..." అన్నాడు ఇస్కందర్. "మా పిల్లాడు ఐదో సందులో నాలుగో ఇంటికెళ్లాడు."

మా ఆయన వెనక్కి తిరగలేదు. కళ్లు మూసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు మూసుకున్నాడంటే బోర్డు పేరుస్తున్నట్టే కదా! చెప్పండీ, ఐదో ఇల్లు అనండి, ఏదో ఒక ఇల్లు అనండి అని నేను పెదవులతోనే బతిమాలాను. ఆయన పెదవులు కదల్లేదు.

ముందున్నవాళ్లు కదిలారు. మా ఆయన ముందు ఖాళీ పడింది. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. వెనకనుంచి, "మాస్టారూ, నడవండి, సాయంత్రమైపోతుంది!" అని ఎవరో కేకేశారు. ఇస్కందర్ కాసేపు చూశాడు. తర్వాత కాలు చాపి, తన డబ్బాను కాదు, మా ఆయన డబ్బాను మెల్లగా ముందుకు తోశాడు. రాతి మీద రేకు రాసుకున్న ఆ చప్పుడు నాకు బాగా తెలిసిన చప్పుడే.

మా ఆయన కళ్లు తెరిచాడు. ముందుకు వెళ్లిన డబ్బాను చూశాడు. నాలుగడుగులు వేసి, వంగి, దాన్ని ఎత్తుకున్నాడు. తిరిగి వచ్చి అంతకు ముందు ఎక్కడుందో సరిగ్గా అక్కడే పెట్టి, దాని పక్కన నిలబడి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు మోకాలి మీద కొట్టని మనిషి తోపు ఈ రోజు ఆయనకు అక్కర్లేదు.

వెనకవాళ్లు అరిచారు, తిట్టారు. ఇస్కందర్ చేతిలో తస్బీ ఆగిపోయి ఉంది. ఆ ఇద్దరూ ముందు ఖాళీ పెట్టుకుని ఎండలో ఒకరి వెనక ఒకరు అలా నిలబడిపోయారు.

చివరికి ఖంబర్ వచ్చి ఇద్దరి డబ్బాలూ తనే తీసుకెళ్లాడు. ఆ రోజు కూడా ఇద్దరికీ కిరోసిన్ దొరికింది.